పైపు ఎవరిదో వాళ్ళే కట్టాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది తిరుపతి. ఇంటి ముందు గదిలో నేనూ మా ఆయనా కలిసి చిన్న కర్రీ పాయింట్ నడుపుకుంటున్నాం. ఏ వీధి అనేది రాయడం లేదు. రాస్తే రేపు ఎవరో ఒక చిన్న ఉద్యోగిని పిలిచి చీవాట్లు పెట్టి, ఒక మెమో చేతిలో పెట్టి ఫైలు మూసేస్తారు, దాని వల్ల నాకు గానీ నా పక్కింటివాళ్ళకు గానీ ఒరిగేది లేదు. మురుగు పొంగి ఇంట్లోకి వస్తే ఆ నష్టం ఎవరు భరించాలి అనే ఒక్క మాట అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదివి వేయండి.

కార్తీక మాసంలో జరిగింది. ఆ నెలంతా మాకు పని ఎక్కువ, మాల వేసుకున్న అయ్యప్ప స్వాములు పదిమందికి పైగా మధ్యాహ్నం భిక్షకి మా దగ్గరే చెప్పి పెట్టుకుంటారు, నేను తెల్లారి నాలుక్కే లేచి తలస్నానం చేసి పొయ్యి వెలిగిస్తాను. ఆ రోజు కూడా అలాగే మోటరు వేశాను, పైన ట్యాంకు నిండింది, కందిపప్పు కడిగి పొయ్యి మీద పెట్టేశాను. బియ్యం కడిగేటప్పుడు అనుమానం వచ్చింది. నీళ్ళు మడ్డిగా ఉన్నాయి, ఒక రకం వాసన. బియ్యం గోతం తడిసిందేమో అనుకుని గోతంలో చెయ్యి పెట్టి చూశాను, పొడిగానే ఉంది. అప్పుడు టార్చి తీసుకుని బయటికి వెళ్ళి సంపు మూత ఎత్తాను. నీళ్ళ మీద తెల్లటి నురగ తెట్టు కట్టి ఉంది, దాని మధ్య ఒక షాంపూ ప్యాకెట్ తేలుతోంది. మా ఇంట్లో ఆ షాంపూ ఎవరూ వాడరు. తెలుగుగంగ నీళ్ళ పైపు సంపులోకి దిగే చోట గోడలో వేలు పట్టేంత సందు ఉంది, అక్కడి నుంచి రాత్రంతా వీధిలో పొంగిన మురుగు లోపలికి దిగింది. పొయ్యి మీద పప్పు అప్పటికే పొంగుతోంది. ఆ గిన్నె దించి అలాగే తీసుకెళ్ళి వీధి చివర పారబోసినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. పప్పు పోయినందుకు కాదు, ఇంకో గంట ఆలస్యంగా నా ముక్కుకి తెలిసి ఉంటే ఆ స్వాములకి నా చేత్తో ఏం వడ్డించి ఉండేదాన్నో తలుచుకుని.

పొద్దున ఏడింటికి ఇద్దరు కుర్రాళ్ళు వెదురు బద్దలు పట్టుకుని వచ్చారు. మధ్యాహ్నానికి జెట్టింగ్ మెషిన్ వచ్చింది. సాయంత్రానికి వీధి ఖాళీ, బ్లీచింగ్ పౌడర్ చల్లి వెళ్ళిపోయారు. వాళ్ళ పని వాళ్ళు చేశారు, వాళ్ళని నేనేమీ అనను. సంగతేంటంటే, మురుగంతా పల్లానికి పారి ఒక పంపింగ్ స్టేషన్ దగ్గర బావిలో పడుతుంది, అక్కడ మోటర్లు దాన్ని పైకి తోడి శుద్ధి ప్లాంటుకి పంపుతాయి, రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ లో డీజిల్ లేదు. మోటరు ఆగితే పైనుంచి వచ్చేది ఆగదు కదా, బావి నిండి, పైపు నిండి, అన్నిటికంటే పల్లంలో ఉన్న మ్యాన్ హోల్ మూత లేపుకుని బయటపడింది. ఆ పల్లం మా వీధి.

సూపర్ వైజర్ మంచివాడే, చాలా మర్యాదగా మాట్లాడాడు. "ఏం చేసేదక్కా, యాక్సిడెంటు. కరెంటు వాళ్ళు చెప్పకుండా తీసినారు, డీజిల్ పోయించాల్సింది కాంట్రాక్టరు, మీ జనాలేమో గుడ్డలూ సంచులూ అన్నీ దాంట్లోనే ఏస్తారు." సరే నాయనా, మా సంపు కడిగించుకోవాలి, ట్యాంకర్ నీళ్ళు కొనుక్కోవాలి, కొట్టు మూసేశాం, దీనికి ఎవరిని అడగాలి అంటే, "ముందు ఎవరి తప్పో తేలాల కదక్కా" అన్నాడు.

ఎవరి తప్పో తేలాలి. ఈ మాట దగ్గరే నేను ఆగిపోయాను. కొట్టు పదకొండు రోజులు మూసి ఉంది. సంపు మూడుసార్లు కడిగించాం. పక్కింటి అత్తకి జెర్సీ ఆవు ఉంది, తొట్టిలో ఆ నీళ్ళే తాగి రెండు రోజులు మేత ముట్టలేదు, పాలు సగానికి పడిపోయాయి. ఎదురింట్లో చంటిబిడ్డకి విరేచనాలు పట్టుకుంటే ఆసుపత్రికి ఎత్తుకుని పరిగెత్తారు. ఇన్ని జరిగినా ఇప్పటికీ ఎవరి తప్పో తేలలేదు, తేలదు కూడా. కరెంటు వాళ్ళు పంపు వాళ్ళని అంటారు, పంపు వాళ్ళు కాంట్రాక్టరుని, కాంట్రాక్టరు బిల్లు రాలేదంటాడు, అందరూ కలిసి వానని అంటారు, వాన ఎవరినీ ఏమీ అనదు.

మా అమ్మగారి ఊరు కార్వేటినగరం పక్కన. నా చిన్నప్పుడు అక్కడ బందెలదొడ్డి ఉండేది. మీ ఆవు తాడు తెంపుకుని పోయి పక్కవాడి వేరుశనగ చేలో పడిందనుకోండి, చేను వాడు దాన్ని తోలుకుపోయి బందెలదొడ్డిలో వేసేవాడు, డబ్బు కట్టి విడిపించుకోవాలి. మా తాత ఒకసారి కట్టాడు, తాడు కొత్తదే, ముడి గట్టిగానే వేశాడు, ఆవు ఎలా తెంపుకుందో ఆయనకే తెలియదు. అయినా తాడు ఎవరు పేనారు, ముడి ఎవరు వేశారు అని ఎవరూ పంచాయితీ పెట్టలేదు, మా తాతా పెట్టలేదు. ఆవు నీది, చేను ఆయనది, మేసింది నీ ఆవు, కాబట్టి కట్టు, అంతే. దీనికి కోర్టుల్లో పెద్ద పేర్లు ఉన్నాయట, కఠిన బాధ్యత అనీ సంపూర్ణ బాధ్యత అనీ, తప్పు రుజువు కాకపోయినా నష్టం కట్టాల్సిందే అనీ. మా ఊళ్ళో చదువు రానివాళ్ళకి కూడా తెలిసిన న్యాయమే ఇది.

మా తమ్ముడు చిత్తూరు కోర్టులో లాయరు. వాడితో ఇదంతా చెప్పుకుంటే వాడు ఒక పాత కేసు చెప్పాడు, అది మా కార్వేటినగరం కేసే. నేను అక్కడే పుట్టి పెరిగినా ఇన్నాళ్ళూ వినలేదు, మీ పాఠకులు కూడా చాలామంది వినుండరు కాబట్టి వివరంగా రాస్తున్నాను. కార్వేటినగరం జమీందారు కింద ఉన్న చెరువులు పెద్ద వానకి తెగి, ఆ నీళ్ళు మద్రాసు రైల్వే కంపెనీ లైను మీద పడి నష్టం చేశాయి. కంపెనీ జమీందారు మీద దావా వేసింది. ఆ కాలంలోనే, 1868లో, ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని తవ్వించుకున్న నీటి గుంట తెగి పక్కవాడి బొగ్గు గనిలోకి నీళ్ళు పోతే, మిల్లు యజమాని అజాగ్రత్త ఏమీ లేకపోయినా నష్టం కట్టాల్సిందే అని అక్కడి పెద్ద కోర్టు తీర్పు చెప్పింది. తప్పించుకుపోతే హాని చేసే వస్తువుని నీ జాగాలోకి తెచ్చి పెట్టుకుంటే అది బయటపడినప్పుడు బాధ్యత నీదే అని. రైల్వే కంపెనీ ఆ తీర్పునే పట్టుకుంది, చెరువు నీది, తెగింది, కట్టు అని. కేసు లండన్ లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది, అప్పట్లో మన దేశపు కేసులకి అదే ఆఖరి కోర్టు. 1874లో తీర్పు వచ్చింది, జమీందారు గెలిచాడు. ఆ చెరువులు ఎప్పటి నుంచో ఉన్నవి, జనం తిండికీ సాగుకీ అవే ఆధారం, వాటిని కాపాడటం జమీందారు మీద ఉన్న విధి, నాకొద్దని పూడ్చేయడానికి ఆయనకి హక్కు లేదు, అలాంటప్పుడు అజాగ్రత్త రుజువైతే తప్ప ఆయన్ని కట్టమనడం కుదరదు అన్నారు.

ఆ తీర్పు సరైనదనే నేను అనుకుంటాను. చెరువు తెగితే రైల్వే కంపెనీకి జమీందారు కట్టాలంటే, రాయలసీమలో చెరువు ఉంచుకునేవాడు ఎవడూ మిగలడు. మా తమ్ముడు అన్నదేమిటంటే, ఈ రోజు మురుగు నడిపే సంస్థలు, ఏ ఊరివైనా, ఇలాంటి తీర్పు వెనకే దాక్కోవాలని చూస్తాయి. మేమూ ప్రజాసేవే చేస్తున్నాం, చట్టం చెప్పింది కాబట్టి చేస్తున్నాం, మురుగు మాకొద్దు అనే హక్కు మాకూ లేదు, ఇళ్ళు ఎన్ని కడితే అన్ని కనెక్షన్లు ఇవ్వాల్సిందే, కాబట్టి మా అజాగ్రత్త మీరు రుజువు చేస్తేనే కడతాం అని.

వినడానికి బాగానే ఉంటుంది కానీ నేను ఒప్పుకోను. చెరువు నీళ్ళు ఊరంతా తాగే నీళ్ళు, తెగిన రోజు తప్ప మిగతా అన్ని రోజులూ అది ఊరికి అన్నం పెడుతుంది. మురుగు అలా కాదు. ఊళ్ళో ప్రతి ఇంట్లో కొంచెం కొంచెంగా ఉన్న విషాన్ని పైపులు వేసి ఒక చోటికి చేరుస్తున్నాం, అందువల్ల గట్టు మీద ఇళ్ళన్నీ శుభ్రంగా ఉంటాయి, ఎప్పుడన్నా తేడా వస్తే అదంతా పల్లంలో పది ఇళ్ళ మీద పడుతుంది. ఊరంతటి సుఖానికి అయ్యే ఖర్చుని మా వీధి ఒక్కటే ఎందుకు మొయ్యాలి? నష్టం ఆ సంస్థ కడితే ఆ ఖర్చు కనెక్షన్ ఉన్న అందరి మీదా కాస్త కాస్త పడుతుంది, కట్టకపోతే నా మీదా, పక్కింటి అత్త ఆవు మీదా, ఎదురింటి బిడ్డ మీదా మొత్తం పడుతుంది. ప్రజాసేవ కాబట్టే కట్టాలి అంటాను నేను.

మన సుప్రీంకోర్టు కూడా ఎప్పుడో దారి మార్చింది. 1985 డిసెంబరులో ఢిల్లీలో ఒక ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాస్ లీకైంది, భోపాల్ జరిగి అప్పటికి సరిగ్గా ఏడాది. 1986 డిసెంబరులో జస్టిస్ భగవతి బెంచి, ప్రమాదకరమైన పని చేసే సంస్థ వల్ల ఎవరికైనా హాని జరిగితే ఎంత జాగ్రత్త తీసుకున్నా సరే పూర్తి బాధ్యత దానిదే, ఆ 1868 నాటి ఇంగ్లండు తీర్పు సూత్రానికి ఉన్న మినహాయింపులు ఇక్కడ చెల్లవు అని చెప్పేసింది. పదేళ్ళ తర్వాత 1996లో మన పొరుగున వేలూరు చర్మశుద్ధి కర్మాగారాల కేసులో, పాలారు నీళ్ళు పాడైన కేసు అది, పాడుచేసినవాళ్ళు బాధితులకి కట్టడమే కాదు, చెడిన నీళ్ళనీ నేలనీ మళ్ళీ బాగుచేసే ఖర్చు కూడా పెట్టుకోవాలంది. చిత్తూరు ఊరి మధ్య పారే నీవా నది పొన్నైలో కలిసి ఆ పాలారులోకే పోతుంది, అందుకే ఆ కేసు నాకు పక్కింటి సంగతిలా అనిపించింది.

అవన్నీ ఫ్యాక్టరీలు కదా, డ్రైనేజీకి వర్తిస్తుందా అని నేను తమ్ముణ్ణి అడిగాను. వాడు పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ గురించిన 2010 నాటి చట్టం తీసి చూపించాడు. 17వ సెక్షన్ లో ఉంది, ప్రమాదం జరిగిన కేసుల్లో ట్రిబ్యునల్ తప్పుతో నిమిత్తం లేని సూత్రాన్నే పాటించాలి అని. ప్రమాదం అంటే ఏమిటో కూడా ఆ చట్టమే చెప్పింది, ప్రమాదకర పదార్థంతో గానీ యంత్రంతో గానీ ప్లాంటుతో గానీ పని జరుగుతుండగా హఠాత్తుగా, అనుకోకుండా జరిగి మనిషికో ఆస్తికో పర్యావరణానికో హాని చేసింది. పంపు యంత్రం కాదా? 1974 నాటి నీటి కాలుష్య చట్టం కూడా దీని పరిధిలోకే వస్తుంది. దేనికి పరిహారం అడగొచ్చో వెనక పట్టీ ఉంది, పాడి పశువులు, పంటలు, కూరగాయలు, తోటలు, వ్యాపారం పోవడం, అన్నీ రాశారు. పక్కింటి అత్త ఆవూ నా కొట్టూ రెండూ ఆ పట్టీలో ఉన్నాయని చూసినప్పుడు, ఎవరో మా వీధి చూసి రాసినట్టు అనిపించింది. అడగడానికి ఐదేళ్ళ గడువు ఉంది. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయినప్పుడు ఈ ట్రిబ్యునలే ఎవరి తప్పు అని తేలే దాకా ఆగకుండా కంపెనీని ముందు 50 కోట్లు కట్టమంది.

అంటే చట్టం ఉంది. మరి మా వీధివాళ్ళు ఒక్కరు కూడా ఎందుకు పోలేదు అంటే, ట్రిబ్యునల్ బెంచి చెన్నైలో ఉంది. పదకొండు రోజుల కూరల డబ్బు కోసం, ఒక ఆవు పాల కోసం చెన్నై పోయి లాయర్ని పెట్టుకునేవాళ్ళు ఎవరండీ. పోయే బస్సు ఛార్జీ, పోయిన రోజు కూలీ లెక్క వేసుకుని ఊరుకుంటాం. మురుగు వల్ల జరిగే నష్టాలన్నీ ఇలా చిన్నచిన్నవే, అందుకే ఎవరూ అడగరు, ఎవరూ అడగరు కాబట్టి జనరేటర్ లో డీజిల్ ఉందా లేదా అని రాత్రిపూట చూడాల్సిన అవసరం ఎవరికీ కలగదు. జబ్బు మొదలు అక్కడే ఉంది.

రోడ్డు మీద బండి గుద్ది మనిషి పోతే, డ్రైవరు తప్పు రుజువు చేయకుండానే ఐదు లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు అడిగే వీలు మోటారు వాహనాల చట్టంలో ఇప్పుడు ఉంది. టికెట్ ఉన్న ప్రయాణికుడు రైల్లోంచి జారిపడి చనిపోతే రైల్వే తప్పుందా లేదా అని చూడకుండా పరిహారం ఇస్తారు. కరెంటు సంగతీ అంతే. మధ్యప్రదేశ్ లో వాన రాత్రి సైకిల్ మీద ఇంటికొస్తున్న ఒకాయన రోడ్డు మీద తెగిపడిన తీగ తగిలి చనిపోతే, ఎవరో దొంగతనంగా కరెంటు లాగడం వల్ల తీగ పడింది, మా తప్పేముంది అని విద్యుత్ బోర్డు వాదించింది. 2002లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, అంత ప్రమాదకరమైనది సరఫరా చేసేవాళ్ళదే బాధ్యత అని చెప్పింది. మరి బండికీ రైలుకీ కరెంటుకీ ఉన్న న్యాయం మురుగుకి రోజువారీ ఆచరణలో ఎందుకు ఉండకూడదు?

జనం గుడ్డలు వేస్తున్నారు అన్నాడు కదా సూపర్ వైజర్, వేస్తున్నారు, నిజమే, ప్యాడ్లు వేస్తారు, హోటళ్ళ జిడ్డు పోస్తారు, చికెన్ కొట్ల వ్యర్థాలు కూడా పడతాయి. మా కొట్టు జిడ్డు మేం డబ్బాలో పట్టి వేరే ఇచ్చేస్తాం కానీ అందరూ అలా చేయరని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. ముందే తెలిసినదాన్ని యాక్సిడెంటు అనడం ఎలా కుదురుతుంది? ఇంగ్లండులో 1972లో ఒక కాగితం మిల్లు కేసులో పంపు నోట్లో ఆకులూ ముళ్ళకంపా అడ్డుపడి మురికినీళ్ళు నదిలోకి పొంగాయి, ఆకులు మేం వేశామా అన్నారు మిల్లువాళ్ళు, మిల్లు నడిపేది మీరు, తొట్టి మీది, కాబట్టి నదిని పాడుచేసింది మీరే అంది కోర్టు. 1998లో ఇంకో కేసు, ఎవరో తెలియనివాడు ఒక కంపెనీ యార్డులో డీజిల్ ట్యాంకు కుళాయి తిప్పేసి పోతే డీజిల్ నదిలో కలిసింది, అప్పుడూ కంపెనీదే బాధ్యత అన్నారు, ఇలాంటి ఆకతాయి పనులు లోకంలో మామూలే, ట్యాంకు పెట్టుకునేవాళ్ళు వాటిని లెక్కలో వేసుకునే ఉండాలని. అక్కడి మురుగు కంపెనీ థేమ్స్ వాటర్ కూడా పైపుల్లోంచి తప్పించుకుపోయిన మురుగు వ్యర్థాల చట్టం కిందకి రాదు అని వాదించింది, 2007లో యూరప్ కోర్టు వస్తుంది అనే చెప్పింది. అలాగని అక్కడ నదులన్నీ బాగుపడిపోయాయని నేను చెప్పడం లేదు, అదే కంపెనీకి 2017లో దాదాపు రెండు కోట్ల పౌండ్ల జరిమానా పడింది. జరిమానా ఖజానాకి పోతుంది, సంపు కడిగించుకునేవాళ్ళ చేతికి రాదు. అందుకే నేను జరిమానా గురించి అడగడం లేదు, నష్టపరిహారం గురించి అడుగుతున్నాను.

ఇంక వాన. 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు చూశాం, అది నిజంగా మనిషి చేతిలో లేని వాన, రాయలచెరువు తెగుతుందేమో అని ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించారు. అలాంటి రోజు వేరు. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వాన పడుతుందని చిన్న పిల్లలకి కూడా తెలుసు కదా. కొర్లగుంట, గొల్లవానిగుంట, తాతయ్యగుంట, ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో మన పెద్దలు పేర్లలోనే పెట్టి పోయారు.

ఈ మాట అన్నప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది, మునిసిపాలిటీ కట్టినా బోర్డు కట్టినా అది మన పన్ను డబ్బే కదా అని. అవును, మన డబ్బే. ఇప్పుడు కూడా మన డబ్బే పోతోంది, కాకపోతే పల్లంలో ఉన్నవాళ్ళ డబ్బు ఒక్కటే పోతోంది. డబ్బులు లేవు అనే సాకు కూడా పనికిరాదని 1980లోనే రత్లాం మునిసిపాలిటీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ చెప్పారు, అది కూడా వీధి కాలవల కంపు కేసే.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది వేరే ఉంది, అది ఆ వెదురు బద్దల కుర్రాళ్ళ గురించి. ఎవరి తప్పో తేలాలి అనే పద్ధతిలో చివరికి తప్పు ఎవరి మీద తేలుతుంది? అందరికంటే కింద ఉన్నవాడి మీద. ఆ రాత్రి పంపు దగ్గర డ్యూటీలో ఉన్న కుర్రాడికి రెండు రోజులు పని ఇవ్వలేదని తర్వాత తెలిసింది, డీజిల్ కొనే అధికారం వాడికి లేదు. తప్పు ఎవరిదైనా సంస్థ కట్టాల్సిందే అని ఉంటే ఆ కుర్రాణ్ణి పట్టుకుని ఊపాల్సిన అవసరం మాకూ ఉండదు, వాళ్ళకీ ఉండదు. మ్యాన్ హోల్ లో దిగి చనిపోయిన కార్మికుల విషయంలో సుప్రీంకోర్టు ఈ పనే చేసింది, 2014లో ప్రతి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలంది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ 2014 తీర్పు వెనక మన పలమనేరుకి దగ్గర్లోనే ఉన్న కోలార్ బంగారు గనుల ఊళ్ళో పుట్టిన బెజవాడ విల్సన్ గారి సంఘం పాకీ పని పోవాలని ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది. ప్రాణానికి అలా లెక్క కట్టగలిగినప్పుడు సంపుకీ ఆవుకీ కట్టలేరా?

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. మురుగు లైను గానీ పంపు గానీ నడపడానికి ఎవరికి టెండరు ఇచ్చినా, ఆ కాగితంలోనే రాయండి, పొంగి ఇంట్లోకి వస్తే ఇంటికి రోజుకి ఇంత అని, సంపు కడిగించి నీళ్ళు టెస్టు చేయించే ఖర్చు, మంచినీళ్ళ ట్యాంకరు, పశువుకి డాక్టరు, కొట్టు మూసిన రోజులకి ఇంత అని, వారం లోపల వార్డు సచివాలయంలోనే చేతికి ఇచ్చేట్టు. పొంగిందా లేదా, ఇంట్లోకి వచ్చిందా లేదా, ఈ రెండే చూడండి, ఫోటో చాలు. ఆ తర్వాత డీజిల్ ఎవరు పోయలేదు, కరెంటు ఎవరు తీశారు, బిల్లు ఎవరు ఆపారు అనేది వాళ్ళూ వాళ్ళూ కూర్చుని ఎన్ని నెలలైనా తేల్చుకోనీ, మేం అడగం. వారంలో డబ్బు కట్టాల్సి వస్తుందని తెలిస్తే వాన మబ్బు కనబడగానే ఎవరో ఒకరు పోయి డీజిల్ క్యాను చూసుకుంటారని నా నమ్మకం. పెద్ద నష్టమైతే ఎలాగూ ట్రిబ్యునల్ ఉంది, దానికి మన జిల్లాలోనే అర్జీ తీసుకునే ఏర్పాటు ఒకటి చేస్తే ఇంకా మేలు.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. వానాకాలం వస్తే జిల్లా పేజీలో పొంగిన మ్యాన్ హోల్ ఫోటో వేస్తారు, కింద స్థానికులు ఇబ్బంది పడుతున్నారు అని రాస్తారు. ఈసారి నుంచి ఆ ఫోటో కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చండి. ఆ లైను నడిపే బాధ్యత ఎవరిది, ఆ వీధిలో ఎన్ని ఇళ్ళకి ఎంత కట్టారు. కట్టకపోతే ఏమీ కట్టలేదు అని రాయండి. నెల పోయాక మళ్ళీ అదే వీధికి వచ్చి అదే ప్రశ్న అడగండి, మా వీధికి వస్తే మా సంపు దగ్గరికి నేనే తీసుకెళ్ళి చూపిస్తాను, పైపు దిగే చోట సందుకి సిమెంటు పెట్టించాం, కొత్త సిమెంటు కాబట్టి రంగు తేడా ఇంకా తెలుస్తోంది.

ఇట్లు
ఒక పాఠకురాలు,
తిరుపతి